మార్కులు మనవి, ర్యాంకు ఊరందరిదీ

పూర్వ విద్యార్థుల సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి "కాలేజీ రోజుల గురించి ఏదో ఒకటి రాయండి మేడమ్" అన్నారు. ఫిజిక్స్ మాస్టారి గురించి, జువాలజీ మేడమ్ గారి గురించి ఎలాగూ మిగతావాళ్లు రాస్తారు. క్యాంటీన్ పునుగుల మీద తక్కువలో తక్కువ ముగ్గురు రాస్తారు. అందుకని ఎవరూ ముట్టుకోరనుకున్న విషయం నేను తీసుకున్నాను. 2005లో ఎంసెట్, అంటే అప్పటి మెడిసిన్, ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష, ర్యాంకులు వచ్చినప్పుడు మన బైపీసీ సెక్షన్లో ఎవరెవరు ఏం చేశారు అన్నది. కాలేజీ వాళ్లు టాపర్ల ఫొటోలు దాచిపెట్టుకుంటారు గానీ, మిగతావాళ్లంతా ఆ వారం ఎలా గడిపారో ఎవరూ రాసిపెట్టుకోరు కదా.

ముందు పేర్ల సంగతి. మన హాస్టల్లో పేరు పెట్టి పిలిస్తే ఎవరూ పలికేవాళ్లు కాదు. సెక్షన్లో నలుగురు లక్ష్ములు, ముగ్గురు స్వాతులు ఉంటే ఇంకేం చేస్తాం? ఊరి పేరే పేరు. రేపల్లె, పొన్నూరు, పిడుగురాళ్ల, నంద్యాల. నేను గుంటూరు బ్రాడీపేటలోనే పుట్టి పెరిగినదాన్ని, ఇంటి నుంచే వచ్చిపోయేదాన్ని కాబట్టి నన్ను "లోకల్" అనేవాళ్లు. ఇప్పటికీ వాట్సాప్ గ్రూపులో నేను లోకల్‌నే. ఇక్కడా ఆ పేర్లే వాడుతున్నాను, ఎవరూ ఏమీ అనుకోవద్దు.

పరీక్ష గురించి ఎక్కువ చెప్పను, అందరం రాసినవాళ్లమే. ఎంపీసీ వాళ్లు పొద్దున్నే పదింటికి మొదలెట్టి ఒంటిగంటకల్లా బయటపడేవాళ్లు. మనకు మధ్యాహ్నం రెండున్నర నుంచి ఐదున్నర. మే నెలలో, గుంటూరులో, ఆ వేళప్పుడు! 160 ప్రశ్నలు: బోటనీ 40, జువాలజీ 40, ఫిజిక్స్ 40, కెమిస్ట్రీ 40. తప్పు రాస్తే మార్కులు కోసే పద్ధతి లేదు కాబట్టి ఒక్క గడి కూడా ఖాళీగా వదిలే ప్రసక్తే లేదు. చివరి ఐదు నిమిషాల్లో బబ్లింగ్ ఎలా చెయ్యాలన్న దానిమీద పిడుగురాళ్లకు ఒక సిద్ధాంతం ఉండేది. తెలియనివాటన్నిటికీ మూడో ఆప్షనే పెట్టాలి, మధ్యలో మనసు మార్చుకోకూడదు. ఫిజిక్స్ మొత్తం దాదాపు అలాగే రాశానని బయటికొచ్చి ధైర్యంగా చెప్పింది.

అసలు కథ ఆ సాయంత్రం మొదలైంది. బ్రాడీపేటలో కోచింగ్ సెంటర్లు ఎన్ని ఉండేవో, ఆ రాత్రికి అన్ని జవాబుల కీలు తయారయ్యేవి. ఒకరి కీకి ఇంకొకరి కీకి నాలుగైదు జవాబులు తేడా. జిరాక్స్ షాపుల ముందు సైకిళ్లు, స్కూటర్లు, కూతురి చెయ్యి పట్టుకుని నిలబడ్డ నాన్నలు. కేబుల్ టీవీ లోకల్ చానల్లో కూడా కీ వేసేవాళ్లు, కానీ అది మరీ గబగబా వెళ్లిపోయేది. కరెంటు స్తంభం కింద, మెట్ల మీద, ఆగి ఉన్న ఆటోలో, ఎక్కడ వెలుతురు ఉంటే అక్కడ కూర్చుని ప్రశ్నపత్రం ఒళ్లో పెట్టుకుని టిక్కులు కొట్టుకోవడమే.

ఇన్నేళ్లలో నాకు ఖాయమైన అభిప్రాయం ఒకటుంది. ఏడవాల్సినవాళ్లు ఆ రాత్రే ఏడ్చేశారు. ర్యాంకు వచ్చిన రోజు మనమందరం చేసింది చాలా వరకు ఎదుటివాళ్ల కోసం. కీ చూసుకునేటప్పుడు నువ్వూ నీ కాగితమూ తప్ప మధ్యలో ఎవరూ ఉండరు. రెండేళ్లపాటు తెల్లారుజామున లేచిందంతా ఎంత మిగిలిందో ఒక్క అంకెలో తేలిపోతుంది. రేపల్లె టిక్కులు రెండుసార్లు లెక్కపెట్టుకుని, కాగితం నాలుగు మడతలు పెట్టి, చున్నీ కొంగుకు ముడివేసుకుని "ఆకలేస్తోంది, పదండి" అంది. ఎంతొచ్చాయో చెప్పలేదు. అడిగే ధైర్యం మాకూ లేదు.

పొన్నూరు సంగతి మాత్రం చెప్పాలి, తను ఒప్పుకుంది. మా మెట్ల మీద కూర్చుని లెక్కపెట్టుకుంటే అమ్మాయికి 40 దాటలేదు. నలభై! కళ్లు మూసుకుని గడులు నింపినా నాలుగో వంతు వస్తాయి, అంటే సరిగ్గా అంతే వచ్చాయన్నమాట. ఒక్కసారిగా గోడకు తల ఆనించి ఏడుపు. మా అమ్మ పరుగున వచ్చి నీళ్లు తాగిస్తోంది. పొన్నూరు నుంచి వచ్చిన వాళ్ల మావయ్య "వ్యవసాయం ఉందిలేమ్మా, ఏం పర్లేదు" అని పిల్లను ఓదారుస్తున్నాడు, ఆయన గొంతే వణుకుతోంది. ఇంతలో మా అన్నయ్య ప్రశ్నపత్రం తీసి చూసి "నీది బి సెట్ కదే, చేతిలో ఉన్నది సి సెట్ కీ" అన్నాడు. అదే ప్రశ్నలు, వరస వేరు. సరైన కీ తెచ్చుకుని మళ్లీ కొట్టుకుంటే నూరు దాటాయి. ఆ పిల్ల ఆ నూరు మార్కులకు పొందినంత ఆనందం మన సెక్షన్ టాపర్ కూడా పొంది ఉండదు. మావయ్య వెంటనే శంకర్ విలాస్‌కి తీసుకెళ్లి అందరికీ టిఫిన్లు పెట్టించాడు. మర్నాడు నిదానంగా ఆలోచించుకుంటే నూరుకు ఏ సీటూ రాదని తెలిసింది, అది వేరే విషయం.

ఆ తర్వాత వారాల తరబడి ఒకటే లెక్కలు. ఎదురుపడ్డ ప్రతివాళ్లూ "ఎంతొస్తున్నాయంట?" అనేవాళ్లు. ఆ మార్కులకు ఎంత ర్యాంకు వస్తుందన్నది ఎవరికి వాళ్లు చెప్పేవాళ్లు. పేపరు సులువుగా వచ్చిందంటే మన మార్కులు పెరిగాయని సంతోషించాలా, అందరికీ పెరిగాయని దిగులుపడాలా? మధ్య రకం మార్కుల దగ్గర ఒక్క మార్కు తేడాకే వందల ర్యాంకులు మారిపోయేవి. ఇద్దరికీ సమానంగా వస్తే బయాలజీ మార్కులు చూస్తారు, అక్కడా తేలకపోతే వెనక్కి వెళ్తూ వెళ్తూ చివరికి పుట్టినరోజు దాకా వస్తారు, పెద్దవాళ్లకు ముందు ర్యాంకు. స్కూల్లో చేర్చేటప్పుడు నాన్న ఒక ఏడాది ఎక్కువేసి రాయించాడని పిడుగురాళ్ల తెగ మురిసిపోయింది. తనకొచ్చే మార్కులకు ఆ అవసరం ఉండదని ఎవరం చెప్పలేదు.

ర్యాంకులు వచ్చిన రోజు. పేపర్లో పడేదాకా ఆగే కాలం అప్పటికే పోయింది, నెట్ సెంటర్లు వచ్చేశాయి. మా వీధి చివర సెంటర్లో నాలుగు కంప్యూటర్లు, ఒక ప్రింటరు. హైదరాబాద్‌లో మంత్రిగారు విడుదల చేశారని టీవీలో చెప్పిన నిమిషం నుంచి సైటు తెరుచుకోదు. లోపల ఫ్యాను కింద పాతికమంది, బయట ఇంకా అంతమంది. నెట్ సెంటర్ అతను హాల్ టికెట్ల జిరాక్సులు వరసగా పేర్చుకుని ఒక్కొక్కటే కొడుతున్నాడు. పేజీ తెరుచుకోగానే అతనే గట్టిగా చదివేవాడు. పేరు, మార్కులు, ర్యాంకు. ఇప్పుడు అలా చదివితే కేసు పెడతారేమో గానీ అప్పుడెవరికీ తప్పనిపించలేదు.

నేను అక్కడ నిలబడి చూసింది ఏమిటంటే, ర్యాంకు వినగానే ఎవరూ నవ్వలేదు, ఎవరూ ఏడవలేదు. పక్కవాళ్ల మొహం చూశారు. నాలుగు వేల చిల్లర అంటే ఏడవాలో, స్వీట్లు కొనాలో ఎవరికి తెలుసు? "అంటే మంచిదేనా?" అని ఒక పెద్దాయన నెట్ సెంటర్ అతన్నే అడిగాడు. "మంచిదేనండి" అన్నాడతను. పదిహేను వేలు వచ్చిన పిల్ల తండ్రితోనూ "మంచిదేనండి" అనే అన్నాడు. ప్రింటుకు పది రూపాయలు. అతనికి అందరి ర్యాంకులూ మంచివే.

నంద్యాల అసలు రాలేదు. తను మన బ్యాచ్ కాదు, లాంగ్ టర్మ్‌కి వచ్చి మన హాస్టల్లో ఉండేది. బయటివాళ్లకు తెలియకపోవచ్చు గానీ గుంటూరంటే మిరపకాయలు, పొగాకు తర్వాత లాంగ్ టర్మే. ఇంటర్ అయిపోయి, మెడిసిన్ రాక, మళ్లీ ఏడాది మొత్తం అదే సిలబస్ చదివే పిల్లలు రాయలసీమ నుంచి, తెలంగాణ నుంచి దిగేవాళ్లు. మనకు ర్యాంకు ఒక వింత, వాళ్లకు అలవాటైన చుట్టం. ఆ రోజు నంద్యాల పొద్దున్నే తలంటుకుని, జుట్టు ఆరబెట్టుకుంటూ తన హాల్ టికెట్ జిరాక్సు నా చేతికిచ్చి, "చూసొచ్చి ఎన్ని అంకెలో చెప్పు చాలు. మొత్తం నెంబరు చెప్పొద్దు" అంది. వెనక్కెళ్లి "నాలుగు, మొదటిది ఒకటి" అన్నాను. కాసేపు పైకప్పు చూసి, "మా వైపు చూడాలి" అని దువ్వెన తీసుకుంది.

"మా వైపు" అన్న మాట నాకు ఆ రోజు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పింది ఆఫీసు బాబాయి గారు.

బాబాయి గారు గుర్తున్నారు కదా? ఫీజు కౌంటర్లో కూర్చునే గుమస్తా గారు. కళ్లజోడుకు నల్లతాడు, జేబులో రెండు రంగుల పెన్నులు. ఫీజు ఆలస్యమైతే ఆయన మొహం చూడలేకపోయేవాళ్లం. కానీ ర్యాంకుల వారంలో ఆయన దగ్గర ఉన్నంత జనం ప్రిన్సిపాల్ గారి గదిలో ఉండేవాళ్లు కాదు. కారణం ఆయన లాంగ్ నోట్‌బుక్. అంతకుముందు సంవత్సరాల కౌన్సెలింగుల్లో ఏ కాలేజీలో, ఏ కేటగిరీలో, అబ్బాయిల్లో అమ్మాయిల్లో చివరి సీటు ఏ ర్యాంకు దగ్గర ఆగిందో గీతలు గీసి రాసుకున్నారు. కౌన్సెలింగ్ జరిగేటప్పుడు సెలవు పెట్టి విజయవాడ హెల్త్ యూనివర్సిటీకి వెళ్లి, గోడకు అంటించిన జాబితాలు ఎక్కించుకుని వచ్చేవారట. కాలేజీ చెప్పిన పని కాదు, జీతం ఇచ్చిన పనీ కాదు.

ఆయన ప్రశ్నలు ఒక వరసలో వచ్చేవి. "ర్యాంకు? కేటగిరీ? ఆరు నుంచి పదో తరగతి దాకా ఎక్కడ చదివావు? ఎన్‌సీసీ ఉందా? నాన్నగారి పేరు మీద పొలం ఉందా?" చివరి ప్రశ్నకు తండ్రులు ఉలిక్కిపడేవాళ్లు, పెళ్లిచూపులకు వచ్చారా అన్నట్టు. వ్యవసాయ కోర్సులో పల్లెటూళ్లో చదువుకుని, ఇంట్లో భూమి ఉన్న పిల్లలకు రైతు కోటా ఉందని చాలామందికి అక్కడే తెలిసింది. పొన్నూరు వాళ్ల మావయ్య "వ్యవసాయం ఉందిలేమ్మా" అని ఓదార్పుగా అన్నాడే, అది నిజంగా పనికొచ్చే మాటని ఆ కౌంటర్ దగ్గర బయటపడింది.

నంద్యాల సంగతీ ఆయనే తేల్చారు. అప్పట్లో మనది ఆంధ్రా యూనివర్సిటీ ఏరియా, వాళ్లది శ్రీవెంకటేశ్వర, హైదరాబాద్ వైపు ఉస్మానియా. సీట్లలో 85 శాతం ఆ ఏరియా వాళ్లకే, మిగతా 15 శాతం అందరికీ. గుంటూరులో ఎన్నాళ్లు చదివినా, ముందంతా నంద్యాలలో చదివినవాళ్లు అక్కడి లోకలే. "నువ్వు గుంటూరు మెడికల్ కాలేజీ లెక్క చూసుకుని బెంగపడకమ్మా. నీ లెక్క కర్నూలు, తిరుపతి" అని పేజీ తిప్పారు. అదే ర్యాంకుకు మన వైపు ఒక అర్థం, వాళ్ల వైపు ఇంకో అర్థం. నంద్యాల ఆ పేజీ మీద వేలు పెట్టి, గీత వెంట కిందికి జరుపుకుంటూ వెళ్లి, ఒక చోట ఆపి, ఏడ్చింది. సీటు వచ్చేట్టుంది కాబట్టి. కీ నాటి రాత్రి కళ్లు తడవని మనిషి.

అప్పట్లో గుంటూరు మెడికల్ కాలేజీలో 150 సీట్లు, విజయవాడ సిద్ధార్థలో 100. ఊళ్లో మెడిసిన్ కోసం చదివే పిల్లలు వేలల్లో. కాబట్టి బాబాయి గారు చెప్పేది ఎక్కువ మందికి చేదుగానే ఉండేది. అయినా ఆయన నాన్చేవారు కాదు. "ఎంబీబీఎస్ వదిలెయ్యమ్మా. బీడీఎస్ అంచు మీద ఉంది, నమ్ముకోకు. గుడివాడ హోమియో వస్తుంది. బెజవాడ ఆయుర్వేదం వస్తుంది. గన్నవరం పశువైద్యం కష్టం. బాపట్ల వ్యవసాయ కాలేజీ చూసుకో." ఇంతే. ఆ మాటకు కుర్చీలో కూలబడ్డవాళ్లు ఉన్నారు, ఊపిరి పీల్చుకున్నవాళ్లూ ఉన్నారు. నాకైతే ఆయన చేసిన మేలు పెద్ద పెద్ద కౌన్సెలింగ్ నిపుణులెవరూ చెయ్యలేదనిపిస్తుంది. దిగులుపడాలా వద్దా అన్నది కూడా తెలియకపోవడమే ఆ వారంలో పెద్ద టెన్షన్. ఆయన దాన్ని తీసేసేవారు.

పిడుగురాళ్ల వంతు వచ్చింది. ర్యాంకు విని బాబాయి గారు నోట్‌బుక్ తెరవలేదు, మూసేశారు. అమ్మాయి రెండు చేతులూ పైకెత్తి "హమ్మయ్య, డిగ్రీలో చేరతా!" అంది. వెనక నిలబడ్డ తండ్రి, సున్నం బట్టీ ఉన్న పెద్దమనిషి, ఇన్నేళ్ల ఫీజులన్నీ ఒక్కసారి గుర్తొచ్చినట్టు చూశారు. అయినా అమ్మాయి నవ్వు ఆగలేదు. తను హిందీ సాహిత్యం చదివి, ఇప్పుడు గవర్నమెంటు స్కూల్లో హిందీ పండిట్.

రేపల్లె మూడంకెల ర్యాంకు దాచిపెట్టుకుంది. సీటు చేతికి వచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని, దిష్టి తగులుతుందని వాళ్లమ్మ ఒట్టు వేయించుకుందట. ఎవరడిగినా "బాగానే వచ్చింది" అనేది. పాపం, మన కాలేజీ వాళ్లు ఊరుకుంటారా? రెండో రోజుకే గేటు దగ్గర ఫ్లెక్సీ లేచింది, ఇంటర్ దరఖాస్తులోని పాస్‌పోర్టు ఫొటోను తలుపంత పెద్దది చేసి, కింద ర్యాంకు వేసి. ఊరంతా చూసింది. వాళ్లమ్మ రేపల్లె నుంచి వచ్చి, ఫ్లెక్సీకి కింద నుంచే ఉప్పూ మిరపకాయలూ తిప్పి, రోడ్డు పక్కనే పడేసి వెళ్లింది. వాచ్‌మన్‌కు మధ్యాహ్నమంతా దగ్గే.

ఇక నా సంగతి. నాన్న మిర్చి యార్డులో ఒక కమిషన్ కొట్టులో గుమస్తా. నేను డాక్టర్ కావాలన్న కోరిక ఆయనది కాదు, మా మేనత్తది. బాబాయి గారు "బాపట్ల" అన్నప్పుడు నేను తల దించుకున్నాను గానీ నాన్న కాదు. "లాం ఫారంలో సైంటిస్టులంతా అక్కడే కదండీ చదివింది?" అన్నారు. లాం ఫారమంటే మన ఊరి పక్కనున్న వ్యవసాయ పరిశోధన కేంద్రం. యార్డులో రోజంతా 334 రకం, 334 రకం అని మిర్చి టిక్కీలు (బస్తాలు) లెక్కపెట్టే మనిషికి, ఆ విత్తనం తయారుచేసినవాళ్ల ముందు ఏ డాక్టరూ ఆనడు. ఇంటికొచ్చి అత్తకు ఫోన్ చేసి "పిల్లకి బాపట్ల వస్తోంది" అని సంబంధం కుదిరినంత గర్వంగా చెప్పారు. అవతల అత్త ఏమందో తెలియదు, నాన్న మాత్రం రిసీవరు గట్టిగా పెట్టేశారు. మాకు పొలం లేదు, రైతు కోటా లేదు. కౌన్సెలింగ్‌కి రాత్రి నారాయణాద్రి ఎక్కి హైదరాబాద్ రాజేంద్రనగర్ వెళ్లాం. అప్పుడు వ్యవసాయ విశ్వవిద్యాలయం అక్కడుండేది. రాష్ట్రం విడిపోయాక అది మా లాంకే వచ్చింది. నాన్న ఉండి ఉంటే, మనం రైలు ఖర్చు అనవసరంగా పెట్టుకున్నామే అనేవారు.

ఇదంతా ఇప్పుడు ఎందుకు గుర్తొచ్చిందంటే, మా అన్నయ్య కూతురు. ఎంసెట్‌లో మెడిసిన్ పోయి నీట్ వచ్చింది, ఎంసెట్ పేరు కూడా మన రాష్ట్రంలో 2021 నుంచి ఈఏపీసెట్ అయింది. 160 ప్రశ్నల చోట 180 ప్రశ్నలు, 720 మార్కులు, తప్పుకు ఒక మార్కు కోత. పిడుగురాళ్ల సిద్ధాంతం ఇక చెల్లదు. 2024 జూన్ 4న ఇక్కడ ఎన్నికల లెక్కింపు. అన్నయ్య పొద్దుటి నుంచి టీవీ ముందే. సాయంత్రానికి నీట్ ఫలితాలు కూడా వచ్చి పడ్డాయి, పది రోజుల తర్వాత రావాల్సినవి. వీధిలో టపాకాయలు, మేడ మీద మా పిల్ల కేకలు. కీ చూసుకుని తను అనుకున్న మార్కులే వచ్చాయి, ఒక్కటి తగ్గలేదు. అర్ధగంట గంతులేసింది. తర్వాత ర్యాంకు చూసుకుని మంచం మీద కూలబడింది. ముందు ఏడాది అవే మార్కులకు ఎంతో మెరుగైన ర్యాంకు వచ్చింది. 2024లో మొదట ఏకంగా 67 మందికి 720కి 720. వాళ్లలో 44 మందికి ఒక ఫిజిక్స్ ప్రశ్నకు రెండు జవాబులూ ఒప్పుకోవడం వల్ల నిండు మార్కులు. కొందరికి కలిపిన గ్రేస్ మార్కులు తీసేసి, వాళ్లకు మళ్లీ పరీక్ష పెట్టి, సుప్రీంకోర్టు దాకా వెళ్లి, చివరికి ఆ 67 కాస్తా 17 అయ్యారు. అంతవరకూ మా ఇంట్లో అన్నం సరిగా దిగలేదు.

"అత్తా, నా మార్కులు నావే కదా, మారలేదు కదా, మరి ర్యాంకెందుకిలా ఉంది?" అని అడిగింది. ఎవరెవరో వీడియోల్లో ఒకరు తప్పక వస్తుందంటారు, ఒకరు రానే రాదంటారు. సైట్లలో కటాఫ్‌లు బోలెడున్నాయి గానీ, "నాన్నగారి పేరు మీద పొలం ఉందా" అని అడిగి, ఇదమ్మా నీ లెక్క అని చెప్పేవాళ్లు కనిపించలేదు. కర్నూలులో పనిచేస్తున్న నంద్యాలకు ఫోన్ కలిపి ఇచ్చాను. గంటసేపు మాట్లాడుకున్నారు. ఫోన్ పెట్టేశాక పిల్ల లేచి మొహం కడుక్కుని భోజనానికి వచ్చింది.

బాబాయి గారు కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆఫీసు కొత్త బ్లాకులోకి మారినప్పుడు ఆ లాంగ్ నోట్‌బుక్ ఏమైందో ఎవరికీ తెలియదు. మీలో ఎవరైనా అప్పట్లో దాన్ని జిరాక్స్ తీయించుకుని ఉంటే కమిటీకి ఒక కాపీ పంపండి, వచ్చే సంచికలో రెండు పేజీలైనా వేయిద్దాం. పొన్నూరు తన దగ్గర నాలుగు పేజీలు ఉన్నాయంటోంది. అవి మన కాలేజీ నోట్‌బుక్కువేనో కాదో ఒకసారి సరిచూసుకుని పంపమన్నాను.